పరుల కథ, నా పద్దు

మనుష్యుడు లెక్క పెట్టని వస్తువు లోకమున అరుదు. పాలవాడు పోసిన పాలకు గోడపై గీతలు, చాకలికి వేసిన బట్టలకు చీటి, దేవునికి చేసిన జపమునకు తులసిపూసలు. అన్నింటికిని ఏదో ఒక లెక్క కలదు. నాకును ఒక వింత లెక్క కలదు. నేను పుట్టింపని మనుష్యులను గూర్చి, మరియొకరు కట్టిన ఊళ్ళలో, నేను వ్రాయుచున్న కథకు దినదినమును పద్దు వ్రాసికొనుచుందును. ఆ పద్దుపుస్తకము మొదలిడి తొమ్మిదేండ్లు దాటినది. దానివలన నాకు జమపడిన దేమి, ఖర్చయిన దేమి అని తేల్చుకొనుటకే ఈ నాలుగు మాటలు.

ఒకరు సృష్టించిన పాత్రలను మరియొకరు అభిమానముతో చేపట్టి, వారికి కొత్త కథలు కల్పించు అలవాటునకు ఆంగ్లమున ఫ్యాన్ ఫిక్షన్ అని పేరు. పేరు కొత్తదే గాని పని పాతది. బాణభట్టు కాదంబరిని ముగింపకయే మరణింపగా కుమారుడు దానిని పూర్తిచేసెను. నన్నయ భారతమును అరణ్యపర్వమున విడిచిపోయెను. తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెను. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషమును పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించి, నన్నయ వ్రాసినట్లే రాజరాజనరేంద్రునకు అంకితము చేసెను. అభిమానమునకు అంతకు మించిన వినయము నేనెరుగను.

నేను కాపురమున్న ఢిల్లీ ప్రాంతమునకును ఇట్టి సంప్రదాయ మొకటి కలదు. దాస్తాన్ చెప్పువారు అమీర్ హంజా కథను ఒక్కొక్కరు తమ తమ మాటలతో పెంచుకొనుచు పోయిరి. లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయమువారు దానిని అచ్చువేయునప్పటికి అది 46 సంపుటములైనది. ఢిల్లీలో ఆ విద్యకు చివరివాడని పేరొందిన మీర్ బాఖర్ అలీ 1928లో గతించెను. 2005లో ఈ నగరముననే ఆ విద్య మరల వేదిక నెక్కినది. కనుక ఎరువు పాత్రలతో కథ నడుపుట తప్పని ఎవరైన అన్నచో నేను సిగ్గుపడను. అయినను నేను ఎఱ్ఱనను కాను, బాఖర్ అలీనిని కాను. ఒక కార్యాలయమున ఇతరులు వ్రాసిన లెక్కలను తనిఖీచేయు ఉద్యోగినిని. ఇది నా తీరికవేళల పని. దీనికి వెల లేదు, ప్రచురణ లేదు, గడువు లేదు. గడువు లేని పనికి లెక్కయైన నుండవలెనని నాకు తోచినది.

నేను పట్టుకొన్న కథ గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో గ్రంథకర్తచేతనే మిక్కిలి పెంచి తిరిగి వ్రాయబడిన ఆ నాటకమును తెలుగువారికి పరిచయము చేయ నక్కరలేదు. గిరీశము మాటలు మా ఇండ్లలో సామెతలైనవి. 1955లో వచ్చిన చలనచిత్రమున మధురవాణిగా సావిత్రిని చూచినవారు ఆ ముఖమును మరువలేదు. కాని అగ్నిహోత్రావధానుల కూతురు బుచ్చమ్మను ఎందరు తలచుకొందురు? ఆమె చిన్ననాడే భర్తను పోగొట్టుకొన్నది. గిరీశము మాటలు నమ్మి ఇల్లు వెడలినది. చివరకు సౌజన్యారావు పంతులుగారి పూనికతో ఆమెను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపుటకు నిశ్చయమైనది. అంతటితో తెర పడును. గిరీశము గతి ఏమాయెనని నవ్వుకొనుచు అందరును వెడలుదురు. బుచ్చమ్మ గతి ఏమాయెనని అడుగువారు తక్కువ.

ఆ కాలమున పూనాలో అట్టి గృహములు నిజముగనే వెలసినవి. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో స్థాపించిన శారదాసదనము మరుసటి సంవత్సరము పూనాకు మారినది. ధొండో కేశవ కార్వే 1896లో అచటనే మరియొక వితంతు గృహమును నెలకొల్పెను. కనుక నాటకము ముగిసిన చోట నా కథ మొదలగును. బుచ్చమ్మ ఎట్లు పోయినది, అచట ఏమి చదివినది, ఎవరితో ఏ భాషలో మాటలాడినది, ఎన్నడైన తిరిగి వచ్చినదా? ఇవి నా ప్రశ్నలు.

ఇందులకు ఇంటి కారణ మొకటి కలదు. మా అమ్మకు మేనత్త ఒకామె ఉండెడిది. నేను ఆమెను చూడలేదు. విజయనగరమున మా తాతగారి ఇంట వెనుకగదిలో ఆమె జీవితము గడచినది. తొమ్మిదవ ఏట భర్త పోయెను. వంట చేసినది, పిల్లలను పెంచినది, నోములు పట్టినవారికి వత్తులు చేసి ఇచ్చినది. ఆమెకు ఏమి కావలెనని ఇంటిలో నెవరైన అడిగినట్లు మా అమ్మకు జ్ఞాపకము లేదు.

2016 జనవరిలో దరియాగంజ్ ఆదివారపు పుస్తకాల బజారులో ఒక లాంగ్ నోట్‌బుక్కు కొంటిని. నడవ మీద పరచి అమ్ము ఆ బజారు 2019లో అచటినుండి తొలగింపబడి, దాపుననే మహిళాహాట్ ఆవరణమునకు చేరినది. ఇంటికి వచ్చి, కార్యాలయపు అలవాటు చొప్పున, ఆ పుస్తకమున నిలువుగీతలు గీసితిని. తేది, స్థలము, నేటి పుటలు, మొత్తము అని నాలుగు గళ్ళు. దినమున కొక పుట, ఏడాదికి మూడువందల పుటలు అని గమ్యమును మొదటి పుటలో వ్రాసికొంటిని.

ఈ పద్ధతికి నాకు ఒక గురువు ఉండెను. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలాశాఖలో ఉద్యోగము చేయుచు 47 నవలలు వ్రాసెను. ప్రాతఃకాలమున అయిదున్నరకు బల్ల ముందు కూర్చుండి, గడియారము ఎదుట నుంచుకొని, పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాయుటకు తన్ను తాను అలవరచుకొనెను. వారమునకు ఎన్ని పుటలైనవో పట్టికలో వ్రాసికొనెను. ఇదియంతయు అతని మరణానంతరము 1883లో వెలువడిన ఆత్మకథలో కలదు. దానిని చదివిన కొందరు విమర్శకులు, గడియారము చూచి వ్రాయువాడు కవి యగునా యని ముఖము చిట్లించిరి. నాకు మాత్రము ఆ పట్టిక ధైర్యము నిచ్చినది. ఉద్యోగము చేయువారు కూడ వ్రాయవచ్చునని దానివలననే తెలిసికొంటిని.

నాకు బల్ల లేదు, ప్రాతఃకాలము లేదు. ఉన్నది మెట్రో రైలు. నోయిడా సిటీసెంటర్‌లో ఎక్కి మండీహౌస్‌లో దిగువరకు అరగంటకు పైగా పట్టును. మొదటి పెట్టె స్త్రీలకు ప్రత్యేకము. చోటు దొరికిన దినమున ఒడిలో కాగితము లుంచుకొని వ్రాయుచుంటిని. చోటు దొరకని దినమున నిలుచుండి మనస్సులో వాక్యము కూర్చుకొని, యమునాబ్యాంకు దాటి వండి నీటి పైని వంతెన వచ్చునప్పటికి దానిని కంఠస్థము చేసికొనుచుంటిని. 2016 డిసెంబరు 31వ తేదీన మొత్తము వేయగా 312 పుటలైనవి. గమ్యమునకు మించి పండ్రెండు. ఆ రాత్రి నేను పొందిన తృప్తి, సంవత్సరాంతమున లెక్కలు పైసాతో సహా సరిపోయిన గుమాస్తా తృప్తి వంటిది.

నా కథకు పాఠకులు ఒక్కరే. ఆమె మా అమ్మ. ప్రతి ఆదివారము సాయంకాలము ఆ వారము వ్రాసినది టెలిఫోనులో చదివి వినిపించుచుంటిని. ఆమె విజయనగరమున మా అన్నయ్యగారి ఇంట, కిటికీ ప్రక్క కుర్చీలో కూర్చుండి వినుచుండెడిది. ఆ సంవత్సరాంతపు ఆదివారము మొత్తము అంకె చెప్పి, మెప్పుకొరకు ఎదురుచూచితిని.

“అంతా బాగానే వుందే. గిరీశం అచ్చంగా గిరీశంలాగే మాటాడతన్నాడు. మధురవాణి సంగతి చెప్పక్కర్లేదు. ఇంతకీ బుచ్చమ్మ ఎప్పుడు మాటాడుతుందే?” అనెను.

“ఇది బుచ్చమ్మ కథే కదమ్మా” అంటిని.

“కథ ఆవిడదే. మాటలు వాళ్ళవి.”

ఆ రాత్రి నా లెక్కను నేనే తనిఖీ చేసితిని. 312 పుటలలో గిరీశము ఉత్తరములు, ఉపన్యాసములు తొంబది పుటలకు పైగా ఉండెను. మధురవాణి, సౌజన్యారావు పంతులుగారు తక్కిన భాగమును చాలవరకు ఆక్రమించిరి. బుచ్చమ్మ నోట వచ్చినవి పదునేడు పంక్తులు. వానిలో పదునొకండు “సరే”, “అలాగే” అను తీరువి. తక్కిన చోట్ల ఆమె కన్నీరు తుడిచికొనుచుండెను. మా తాతగారి వెనుకగదిని నేను పూనాకు తరలించితినే గాని దాని తలుపు తెరువలేదు.

ఇట్లు జరుగుటకు కారణము కష్టపడి వెదకవలసినది కాదు. గిరీశము గొంతు గురజాడవారు తీర్చి పెట్టినది. దానిని అనుకరించుట అభిమానికి సులభము. కలము పరుగెత్తును, పుట నిండును, గడిలో అంకె పడును. బుచ్చమ్మకు నాటకమున మాటలు తక్కువ. ఆమె గొంతు నేను వెదకవలెను. వెదకిన దినమున పుట నిండదు, గడిలో సున్న పడును. పుటలను లెక్కించు పద్దు పుటలనే పండించును. ఈ నీతి నాకు కార్యాలయమున తెలియనిది కాదు. పరిష్కరించిన కాగితముల సంఖ్య అడిగినచో సులభమైన కాగితములే ముందుగా పరిష్కారమగును, చిక్కుకాగితము అడుగునకు పోవును. పరుల లెక్కలో ఏండ్ల తరబడి చూచిన దోషమును నా లెక్కలో చూచుటకు అమ్మ ఒక్క ప్రశ్న అడుగవలసివచ్చినది.

2017లో గళ్ళు మార్చితిని. పుటల గడిని తీసివేయలేదు గాని దాని ప్రక్కన “బుచ్చమ్మ మాట” అని ఒక గడి చేర్చితిని. గమ్యము వారమునకు ఒక్క పంక్తి. నియమ మేమనగా, ఆ పంక్తి గిరీశము అనగలిగినది కారాదు, సౌజన్యారావుగారు నేర్పినది కారాదు, నా ఉపన్యాసమును కారాదు. సున్నలకు కూడ మూడు జాతులు కల్పించితిని. చదువునకు పోయిన దినమునకు “చ”, ఆలోచనకు పోయిన దినమునకు “ఆ”, ఊరక పోయిన దినమునకు “సో”, అనగా సోమరితనము. అంతకు పూర్వము ఈ మూడును ఒకే సున్నగా నన్ను నిందించుచుండెను. వేరుచేసిన పిమ్మట నేను అనుకొన్నంత సోమరిని కానని తెలిసినది. అదియు ఒక లాభమే. ఆ ఏడు మొత్తము 41 పుటలు మాత్రమే.

ఉదాహరణ మొకటి చెప్పెదను. బుచ్చమ్మను నేను మొదట రైలులో కూర్చుండబెట్టి రాజమహేంద్రవరమున గోదావరిపై వంతెన దాటించితిని. ఆరు పుటల వర్ణన. ఒకనాడు మండీహౌస్ చెంతనున్న రవీంద్రభవనములో, సాహిత్య అకాడమి గ్రంథాలయమున, వేరొక విషయము చూచుచుండగా, అచటి హేవ్‌లాక్ వంతెన 1900లో గాని తెరువబడలేదని గ్రహించితిని. నా కథ 1892 నాటిది. ఆరు పుటలు కొట్టివేసితిని. పద్దులో ఆ దినము “మైనస్ 6” అని వ్రాయుచుండగా చేయి వణకినది. తరువాత పందొమ్మిది దినములు వరుసగా “చ”, “ఆ” సున్నలు. ఇరువదియవ దినమున ఆమెను పడవ ఎక్కించితిని. పడవలో బుచ్చమ్మకు చేయవలసిన పని లేదు, ఆజ్ఞాపించు పెద్దలు లేరు. ఆమె నీటివైపు చూచి, పడవవానిని, “ఆ గట్టు ఇంకా ఎంత దూరం వుంది నాయనా?” అని తనంత తాను అడిగినది. గొప్ప మాట కాదు. కాని 313 పుటల పర్యంతము ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. వంతెన ఉన్నచో ఆ ప్రశ్న పుట్టదు. ఆ ఆదివారము టెలిఫోనులో అమ్మ కొంత తడవు పలుకక, “మళ్ళీ చదువు” అనెను.

బుద్ధి ఒకసారి వచ్చిన తరువాత మరల తప్పదని చెప్పజాలను. 1999లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున ఇరువదియొక్క మంది మిత్రులు ఒక నెలలో ఒక్కొక్క నవల వ్రాయవలెనని పూనుకొనిరి. అది నవంబరు నెల వ్రతముగా లోకమంతట వ్యాపించినది. ముప్పది దినములలో ఏబదివేల మాటలు దాని గమ్యము. దానిని నడపిన సంస్థ 2025లో మూతపడినది. 2019 నవంబరులో నేనును ఆ వ్రతము పట్టితిని. నాలుగు దినములలోనే చిక్కు తెలిసినది. మన భాషలో మాటలు ఒకదానితో నొకటి అతుకును. “వెళ్ళనివ్వకపోయినప్పటికీ” అనునది మనకు ఒక్క మాట. ఆంగ్లమున అది ఆరేడు మాటలు. అంకె పెంచుకొనుటకై నేను అతికిన మాటలను విడదీయ మొదలిడితిని. ఒక విశేషణము చాలిన చోట మూడు వేసితిని. బుచ్చమ్మ మరల గలగల మాటలాడుచున్నది, కాని ఆ గలగల నాది. పండ్రెండవ దినమున వ్రతము విడిచి, ఆ పుటలన్నిటికిని “మైనస్” వేసితిని. పరుల పాత్రను ఎరువు తెచ్చికొనవచ్చును గాని పరుల కొలపాత్రను తెచ్చికొన రాదని నాకు అప్పుడు బోధపడినది.

2021 శరదృతువున అమ్మ నోయిడాకు వచ్చి రెండు మాసములు మా యింట నుండెను. అప్పటికి ఆమెకు ఎనుబది దాటినవి. ఒకనాడు నా పద్దుపుస్తకమును ఒడిలో నుంచుకొని, గళ్ళపై వ్రేలు నడపుచు, “ఇది రామకోటిలాగుందే” అనెను. రామనామమును కోటి పర్యాయములు వ్రాసి భద్రాచలమున సమర్పించు ఆచారము తెలుగునాట అందరికిని తెలిసినదే. ఆ పుస్తకములలో గళ్ళుండును, పుట చివర మొత్తము వేయుటకు చోటుండును. అమ్మ తానును కొన్నియేండ్లు వ్రాసినది.

“నీకు కోటి పూర్తయిందా అమ్మా?” అని అడిగితిని.

“ఎక్కడ? ఎనిమిది లక్షల దగ్గర కళ్ళు పోయాయి. అయితేనేం? లెక్క మనకోసమే, చెయ్యి ఆగకుండా. రాముడు లెక్క అడుగుతాడేటే?”

పిమ్మట ఆమె ఎన్నడును చెప్పని సంగతి చెప్పెను. మేనత్తకు అక్షరములు రావు. నలుబది యేండ్లు దాటిన పిదప, రామకోటి వ్రాయవలెనను కోరికతో, పిల్లల పలక తీసికొని రాత్రులందు వంటయింటిలో దిద్దుకొని నేర్చినది. నేర్పినది అప్పటికి పదేండ్ల పిల్లయైన మా అమ్మయే. రామనామమునకు కావలసినవి రెండు మూడు అక్షరములే గదా! కాని మేనత్త అన్నియు నేర్చుకొన్నది. ఆమె పోయిన తరువాత పుస్తకము తెరచి చూడగా, గళ్ళన్నియు రామనామము. చివరి అట్ట లోపలివైపున, పెద్ద పెద్ద అక్షరములతో, “ఈ పుస్తకము నాది” అని ఒక్క వాక్యము.

“ఆ ఇంట్లో ఆవిడది అని చెప్పుకోడానికి ఇంకేటీ లేదు” అని అమ్మ ఊరకుండెను. “ఆ పుస్తకం ఏమైందో. భద్రాద్రికే పంపేసుంటారు.”

నాకు నోట మాట రాలేదు. అయిదేండ్లుగా నేను వెదకుచున్న గొంతు మా ఇంటనే ఉండెను. దాని నెరిగినవారు ప్రతి ఆదివారము నా మాటలు వినుచుండిరి. నేను అంకెలు చెప్పితినే గాని ఆమెను ఏమియు అడుగలేదు. బుచ్చమ్మను ఎవరు నడిగిరని లోకమును ప్రశ్నించిన నేను, మా అమ్మను అడుగుటకు పద్దులో గడి గీయలేదు.

ఆ సంభాషణము నాటి పద్దులో తేది యెదుట “చ” అని వేసితిని. అంతకు మించిన చదువు నాకు ఏ గ్రంథాలయమునను దొరకలేదు.

అమ్మ తిరిగి విజయనగరము పోయి, 2022 ఫిబ్రవరిలో కన్నుమూసెను. అప్పటికి పూనా ఘట్టము పూర్తి కాలేదు. శారదాసదనమున బుచ్చమ్మకు ఒక పుస్తకము ఇత్తురు. ఆమె దానిని వెనుకకు త్రిప్పి, అట్ట లోపల, నాలుగు మాసములలో నేర్చిన అక్షరములతో ఏమి వ్రాయునో నాకు తెలియును. కాని దానిని వ్రాయుటకు నాకు పదునాలుగు మాసములు పట్టినది. పద్దులో ఆ మాసములన్నియు సున్నలే. వానికి నేను కల్పించిన మూడు జాతులును సరిపోలేదు. నాలుగవ జాతికి పేరు పెట్టక ఖాళీగా విడిచితిని. 2023 ఏప్రిల్‌లో, యమునాబ్యాంకు దాటిన పిమ్మట, నిలుచుండియే ఆ వాక్యమును వ్రాసితిని. పుటలు సున్న, బుచ్చమ్మ మాట ఒకటి. ఆ దినపు పద్దు అంతే. తొమ్మిదేండ్ల పద్దులో నేను చేతిగుడ్డతో కన్నులు తుడిచికొని వ్రాసిన అంకె అది యొక్కటే.

వినువారు లేని కథకు ఇంకను లెక్క యెందులకని మిత్రులు అడుగుదురు. ఆదివారము సాయంకాలము నాకును ఆ ప్రశ్న తోచును. అప్పుడు కథను నాలో నేనే బిగ్గరగా చదువుకొందును. ఎక్కడ అమ్మ “మళ్ళీ చదువు” అని యుండెడిదో, ఎక్కడ ఊరక యుండెడిదో చెవికి తెలియుచునే యున్నది. ఆ రెండింటిని గుర్తించుటకు ఇప్పుడు పద్దులో ఒక గడి కలదు. గమ్యములు తగ్గినవి. ఏడాదికి ఇన్ని పుటలను మాట లేదు. మాసమునకు ఒకమారు ఇంటిలోని పెద్దలలో ఎవరినైన ఒక ప్రశ్న అడిగి, వారి మాటలను వారి మాటలుగనే వ్రాసికొనవలెనని మాత్రము నియమము. విశాఖపట్టణమున మా పిన్ని ఉన్నది, మా అత్తవారింట తొంబదియేండ్ల వదినగా రొకరు ఉన్నారు. ఇది వాయిదా వేయరాని గడి.

నేటివరకు నిల్వ 498 పుటలు. బుచ్చమ్మ ఇంకను పూనాలోనే ఉన్నది, మరాఠీలో లెక్కలు నేర్చుకొనుచున్నది. ఆమె తిరిగి వచ్చునో రాదో నేను నిర్ణయింపలేదు. ఈ వ్యాసము వ్రాసిన పదునొకండు దినములకును కథ పద్దులో సున్నలు వేసి, వాని ప్రక్కన “ఆ” అని వ్రాసితిని. రేపు సోమవారము. మెట్రోలో చోటు దొరకినచో ఒక పంక్తి. దొరకనిచో, వంతెన దాటువరకు కంఠస్థము.